బిల్డింగ్ బయట లిఫ్ట్ పెట్టిస్తున్నారా? ముందు ఇది వినండి

ఈరోజు ఎపిసోడ్ నాచారం నుంచి ఒక తమ్ముడు పంపిన ప్రశ్న మీద. వాళ్లది పాత అపార్ట్‌మెంట్, నాలుగు అంతస్తులు, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులతో నానమ్మ కిందికి దిగడమే మానేసింది. ఇప్పుడు అందరూ డబ్బులేసుకుని, మెట్ల పక్కన బయటి గోడకి ఆనించి లిఫ్ట్ కట్టిద్దాం అనుకుంటున్నారు. ఇనుప ఫ్రేమ్, చుట్టూ అద్దం లేదా ఏసీపీ షీట్. "అన్నా, బయటే కదా, దీనికి ఫైర్ రూల్స్ ఎందుకు?" అని అడిగాడు. ఉప్పల్ కాలనీల్లో పాత బిల్డింగుల్లో ఉండేవాళ్లందరికీ పనికొచ్చే ప్రశ్న ఇది.

లిఫ్ట్ షాఫ్ట్ అంటే కింది నుంచి పైదాకా ఒక ఖాళీ గొట్టం. ప్రతి అంతస్తులో దానికి ఒక తలుపు. కింద పార్కింగ్‌లో ఒక స్కూటీ బ్యాటరీ అంటుకుందనుకోండి, వేడి పొగ ఆ గొట్టంలోంచి పైకే పోతుంది. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్ రూబీ హోటల్ గుర్తుందా? కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూంలో మంట, పైన లాడ్జి. పొగ పైకెక్కి 8 మంది చనిపోయారు. మంట కన్నా ముందు పొగ చంపేస్తుంది.

అందుకే మన నేషనల్ బిల్డింగ్ కోడ్ షాఫ్ట్ గోడలు 2 గంటలు, తలుపులు 1 గంట మంటని తట్టుకోవాలంటుంది. కటకటాల గేటు పనికిరాదు, గట్టి తలుపే ఉండాలి.

మరి బయటి లిఫ్ట్ సంగతి? దాని నాలుగు వైపులూ ఒకటి కాదు. బిల్డింగ్ వైపు గోడ అన్నిటికన్నా ముఖ్యం. 9 అంగుళాల ఇటుక గోడ 2 గంటలు ఈజీగా ఆగుతుంది. దాన్ని కోసి పెట్టే తలుపులే బలహీనమైన చోటు. మిగతా వైపులకి, పక్కింటికి ఎంత దూరం, దగ్గర్లో కిటికీలు ఉన్నాయా అన్నది చూడాలి. అమెరికా కోడ్ కూడా షాఫ్ట్ బయటి గోడని బిల్డింగ్ బయటి గోడ లెక్కనే చూస్తుంది.

ఇక మెటీరియల్. టఫెన్డ్ గ్లాస్ అంటే ఫైర్ గ్లాస్ కాదు. ప్లాస్టిక్ కోర్ ఉన్న ఏసీపీ అంటుకుంటే మంట పైకి పాకుతుంది. 2017 జూన్‌లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో అలాంటి షీట్లే మంటని పైకి మోశాయి, 72 మంది పోయారు. ఇనుము కాలదు, కానీ 550 డిగ్రీల దగ్గర దాదాపు సగం బలం పోతుంది. అందుకే వేడికి ఉబ్బి పొరలా కాపాడే పెయింట్ వేస్తారు.

కాంట్రాక్టర్‌ని మూడు అడగండి. తలుపులకి ఫైర్ టెస్ట్ సర్టిఫికెట్ ఉందా? షీట్ లోపల కోర్ ఏంటి? మెట్ల కిటికీ మూసుకుపోతుందా?

మూడోది అస్సలు మర్చిపోవద్దు. మంటలొస్తే లిఫ్ట్ ఎక్కకూడదు. అప్పుడు నానమ్మని మోసుకుని దిగేది ఆ మెట్ల మీదే. పొగ బయటికి పోయే కిటికీని లిఫ్ట్ కోసం మూసేస్తే, ఆమె కోసం కట్టిందే ఆమె దారికి అడ్డమవుతుంది.

సంతకం పెట్టే ముందు ఈ వీడియో మీ అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.