పట్టాల పక్కన మనకో బాట

భద్రాచలం రోడ్ స్టేషన్లో దిగి, గుడెక్కడా అని చుట్టూ చూసినవాళ్లలో నేనూ ఒకదాన్ని. తీరా అది కొత్తగూడెం! రామయ్య దగ్గరికి ఇంకా 40 కిలోమీటర్లు. పేరు దేవుడిదే అయినా ఈ రైలును అడవిలోకి తెచ్చింది బొగ్గు. 1871లో డాక్టర్ కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టాక, నైజాం రైలు డోర్నకల్ నుంచి అటు తిరిగింది.

ఎండలు ముదిరేవేళ ఈ అడవుల్లో ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారకముందే కోయ ఆడవాళ్లు గంపలతో బయల్దేరతారు. వాళ్లకది తిండి, సంతలో నాలుగు రూపాయలు, ఇంట్లో సారా కూడానూ. మరి నడిచేదెక్కడ? రోడ్డు మీద బొగ్గు లారీలు. పట్టాల వెంట నడిస్తే 1989 రైల్వే చట్టం ప్రకారం నేరం, ఆరు నెలల వరకూ జైలు పడొచ్చు. చట్టాన్ని తప్పుపట్టలేం, రైలు పిల్లా పెద్దా చూడదు కదా!

కాలిఫోర్నియాలో నాపా లోయ అని ఉంది. ద్రాక్షతోటలకీ, వైనుకీ పేరు. అక్కడ 1860ల నాటి రైలుదారిలో 1989 నుంచి యాత్రికుల కోసం ‘వైన్ ట్రెయిన్’ నడుస్తోంది. ఆ పట్టాల పక్కనే కొంతదూరం నడిచేవాళ్లకీ, సైకిళ్లకీ విడిగా బాట వేశారు. దాని మీదికి కార్లు రావు. మొత్తం 47 మైళ్లు, అంటే 75 కిలోమీటర్లు వెయ్యాలని సంకల్పం. డబ్బు దొరికినప్పుడల్లా ఒక ముక్క చొప్పున వేసుకొస్తున్నారు. మన ఇల్లు కట్టుకున్నట్టే!

ఇదంతా ఇప్పుడెందుకంటే, మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురానికి సుమారు 173 కిలోమీటర్ల కొత్త లైనుకి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. రైలు వస్తే గుడికి వెళ్లే మనకి హాయే. కానీ లైను పక్కనున్న పల్లెల ఆడవాళ్లకి? కంచెకి ఇవతల రెండు సైకిళ్లు పట్టేంత బాట, అక్కడక్కడ కిందినుంచి దాటే దారి, ఊరి దగ్గర దీపాలు ఉంటే చాలు. బడికెళ్లే ఆడపిల్లా, నవమికి నడిచొచ్చే భక్తులూ, గంపెత్తుకున్న అవ్వా, అందరికీ పనికొస్తుంది. వంతెనలూ గోడలూ లేచాక అడిగితే స్థలం లేదంటారు. అడగాల్సింది కొలతలప్పుడే.

ఇప్పసారా ట్రెయిన్ మాత్రం అడగడం లేదు సుమండీ!