మీకు తెలుసా? ఇంటి ఫ్రీజర్‌లో దాక్కున్న మందు

తిండి తగ్గిస్తే ఎలుకలు ఎక్కువకాలం బతుకుతాయని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ మెక్కే 1935లోనే చూపించారు. మరి కడుపు మాడ్చుకోకుండా ఆ ఫలితమిచ్చే మాత్ర దొరుకుతుందా? ఎక్కువ ఆశపెట్టింది రాపమైసిన్. కణాల్లో ఎంటార్ అనే ప్రొటీన్ ‘తిండికి లోటు లేదు, పెరగొచ్చు’ అని కబురిస్తుంటుంది. ఈ మందు దాని నోరు నొక్కేస్తుంది. కణం కరువొచ్చిందనుకుని పొదుపు మొదలుపెడుతుంది.

1964లో ఈస్టర్ దీవి నుంచి కెనడా బృందం తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి దీనికి మూలం. దాన్నుంచి మందును వేరుచేసిన బృందానికి సారథి, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదివిన సురేంద్రనాథ్ సెహగల్. 1980ల్లో తాను పనిచేస్తున్న కంపెనీ మాంట్రియల్ ల్యాబ్ మూసేస్తే, ఆయన ఆ సూక్ష్మజీవిని సీసాల్లో ఇంటికి పట్టుకెళ్లి, ‘తినొద్దు’ అని చీటీ అంటించి ఫ్రీజర్‌లో పెట్టారు. ఇంట్లోవాళ్ల ఓర్పుకూ దణ్ణం పెట్టాలి! 1999లో అదే మందు కిడ్నీ మార్పిడి రోగుల కోసం అమెరికాలో అనుమతి పొందింది.

2009 ప్రయోగంలో, మన లెక్కన అరవై ఏళ్లొచ్చిన చిట్టెలుకలకు దీన్ని పెడితే గరిష్ఠ ఆయుష్షు ఆడవాటిలో 14, మగవాటిలో 9 శాతం పెరిగింది. మనుషుల్లో మాత్రం రుజువు కాలేదు. పైగా ఇది రోగనిరోధక శక్తిని అణిచే మందు. నోటిపూత, కొలెస్ట్రాల్ పెరగడం మామూలే.