వినికిడి అలసట – హెడ్‌ఫోను మెత్తలు

మా కళాశాల భాషా ప్రయోగశాలలో ఆరు హెడ్‌ఫోనులు ఉన్నవి. పాతకాలపు వారి నోటి మాటలను, పాటలను రికార్డు చేసి లిఖిత రూపంలోనికి తెచ్చే పనికై ఒక దాత ఇచ్చిన విరాళంతో వాటిని కొన్నాము. పెండ్లిండ్లలో ఢోలక్ గీతాలు పాడే ముసలమ్మల గొంతులు, బతుకమ్మ పాటలు పాడే పల్లె స్త్రీల గొంతులు, ఈ రెండింటినీ మా విద్యార్థులు చరణం చరణంగా విని ఉర్దూ లిపిలోను, తెలుగు లిపిలోను వ్రాస్తున్నారు. గది కిటికీ రోడ్డు వైపున్నది. ఆటోల రొద, బస్సుల మోత ఉదయం నుండి సాయంత్రం వరకు ఆగవు. అందువలన చెవిని పూర్తిగా కప్పి, బయటి ధ్వనిని లోనికి రానీయని 'క్లోజ్డ్' రకపు హెడ్‌ఫోనులనే, ఖరీదు హెచ్చయినా, కమిటీ పెద్దలు మంజూరు చేసినారు.

మొదటి సంవత్సరం పని సాఫీగా సాగినది. రెండవ సంవత్సరం వర్షాకాలం వచ్చేసరికి ఫిర్యాదులు మొదలైనవి. గంట గడవకముందే తలనొప్పి, చెవుల చుట్టూ వేడి, చెవిలో ఏదో నిండిపోయినట్లు బరువు. విద్యార్థులు బయటికి వచ్చేటప్పుడు వారి చెవుల మీద నల్లని పొట్టు అంటుకొని ఉండేది. ప్రయోగశాల సహాయకుడు, పిల్లలందరూ చాచా అని పిలిచే పెద్దమనిషి, "ఏమి సార్, పిల్లలు ఈ మధ్య కంటికి మాని చెవికి కాటుక పెట్టుకుంటున్నారా?" అని నవ్వినాడు. మేమూ నవ్వినాము. కాని అదే వారంలో మా బృందంలోని ఒక విద్యార్థిని, రాత్రి పడుకున్న తరువాత కూడ కుడిచెవిలో సన్నగా ఈల మోగుతున్నదని చెప్పినప్పుడు ఇది నవ్వవలసిన విషయం కాదని తెలిసినది.

హెడ్‌ఫోనులు పాతబడినవి, కొత్తవి కొనవలెనని మాలో కొందరు అన్నారు. కొనుటకు డబ్బు లేదు. ఆ లేమియే మమ్ము ఆలోచింపజేసినదని నిజాయితీగా ఒప్పుకుంటున్నాము.

హెడ్‌ఫోనులో ధ్వనిని పుట్టించే భాగం ఒక పలుచని పొర. విద్యుత్తు ప్రవాహాన్ని అనుసరించి అది ముందుకు వెనుకకు కదిలి, చెవికీ తనకూ మధ్యనున్న గాలిని నెట్టుతుంది, లాగుతుంది. క్లోజ్డ్ రకంలో దాని వెనుకభాగం గట్టి చిప్పతో మూయబడి ఉంటుంది. 1968లో జర్మనీలోని సెన్‌హైజర్ సంస్థ హెచ్‌డి 414 అనే పేరుతో వెనుక తెరచి ఉంచిన హెడ్‌ఫోనును తెచ్చినది. అటువంటి తెరచిన రకంలో ధ్వని విశాలంగా, సహజంగా వినిపిస్తుందని సంగీతప్రియులు అంటారు. కాని రోడ్డు పక్క గదిలో అది పనికిరాదు. మూసిన రకంలో పొరకు, చెవికి నడుమ చిన్న గాలిగది ఏర్పడుతుంది. ఆ గదికి చుట్టూ గోడ ఏది? చెవి చుట్టూ ఆనుకొని ఉండే ఆ మెత్తయే. దుకాణాలలో దానిని ఇయర్ ప్యాడ్ అని, కుషన్ అని అంటారు. మా ఉర్దూ మిత్రులు గద్దీ అన్నారు. తెలంగాణలో తలక్రింద పెట్టుకునే దానిని మెత్త అంటారు గనుక మేము మెత్త అనే మాటనే వాడుతున్నాము.

మెత్త కేవలం సుఖం కొరకు పెట్టినది కాదు. అది వాద్యంలో భాగం. తబలా చర్మం సడలితే వాయించేవాని చేతిని తప్పుపట్టి లాభం లేదు గదా! మెత్త చర్మానికి గట్టిగా, సమంగా ఆనుకొని ఉన్నంతవరకు గాలిగది మూసి ఉంటుంది. ఎక్కడైనా చిన్న సందు ఏర్పడితే మొట్టమొదట పోయేది మంద్రధ్వని. నిదానంగా కదిలే ఆ గాలి సందులోనుండి బయటికి జారిపోతుంది. చురుకుగా కదిలే తారధ్వనికి అంత నష్టం కలుగదు. కనుక వినేవానికి గొంతు పలుచబడినట్లు, గరగరలాడినట్లు తోస్తుంది. ఎవరైనా తమ హెడ్‌ఫోనును పెట్టుకొని, రెండు చిప్పలను అరచేతులతో కొంచెం అదిమి చూడవచ్చును. అదిమినప్పుడు మంద్రధ్వని ఒక్కసారిగా నిండుగా వచ్చిందంటే, అదమకముందు సందు ఉన్నదన్నమాట. మా ఆరింటిలో ఐదు ఈ పరీక్షలో దొరికిపోయినవి.

ఇక అలసట ఎట్లా పుట్టుతుందో చూద్దాము. 1933లో అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మానవుని చెవి అన్ని స్థాయిల ధ్వనులను ఒకే విధంగా వినదని నిరూపించినారు. ధ్వని మెల్లగా ఉన్నప్పుడు మంద్రం మనకు మరీ తక్కువగా వినిపిస్తుంది. ధ్వని పెంచినకొద్దీ మంద్రం మేల్కొంటుంది. మెత్త పాడై మంద్రం కారిపోతున్నప్పుడు వినేవాడు తెలియకుండానే ఏమి చేస్తాడు? వాల్యూము పెంచుతాడు. అతడు వెదకుచున్నది మంద్రాన్ని, కాని దానితోపాటు తారధ్వని కూడ పెరుగుతుంది. చెవి రంధ్రం సుమారు రెండున్నర సెంటీమీటర్ల గొట్టం. దాని పొడవు వలన సెకనుకు 3,000 కంపనాల దరిదాపు ధ్వనిని అది తనంతట తానే హెచ్చించి లోనికి పంపుతుంది. ఆ ప్రాంతంలోనే మన చెవి అన్నిటికంటె సున్నితంగా ఉంటుంది. బయట ఆటోల రొద కూడ అదే సందులోనుండి లోనికి వస్తుంది గనుక దానిని కప్పిపుచ్చుటకు వాల్యూము మరికొంత పెరుగుతుంది. ఈ విధంగా పాడైన మెత్త నుండి పెరిగిన వాల్యూముకు, అక్కడి నుండి అలసటకు దారి ఏర్పడుతుంది. మా విద్యార్థులు తమ చెవులు బలహీనమని అనుకున్నారు. నిజానికి బలహీనపడినది పది మిల్లీమీటర్ల స్పంజి.

శబ్ద తీవ్రతను డెసిబెల్ అనే ప్రమాణంతో కొలుస్తారు. 3 డెసిబెల్లు పెరిగినప్పుడు చెవికి చేరే శక్తి రెట్టింపు అవుతుంది, మనకు మాత్రం కొంచెం పెరిగినట్లే ఉంటుంది. ప్రమాదమంతా ఈ భ్రమలో ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం పెద్దలు వారానికి 80 డెసిబెల్ల ధ్వనిని 40 గంటలు వినవచ్చును. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10, 89 అయితే 5 గంటలు మాత్రమే. పిల్లలకు ఇంకా తక్కువ. లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే రోమకణాలు ఒక్కొక్క చెవికి సుమారు 15,000 మాత్రమే ఉంటవి. అవి నశించిన తరువాత మానవునిలో తిరిగి మొలవవు. హెడ్‌ఫోను తీసిన తరువాత గదిలోని మాటలు కొంతసేపు దూదిలోనుండి వచ్చినట్లు వినిపించినా, ఈల మోగినా, ఆ రోజుకు మోతాదు మించినదని అర్థం.

అయితే అలసట అంతా శబ్దం వల్లనే అనుట సరికాదు. తలను నొక్కే పట్టీ బిగువు, బరువు, చెమట కూడ ఉన్నవి. 2016లో వెలువడిన సోనీ ఎండిఆర్-జెడ్1ఆర్ అనే అత్యంత ఖరీదైన మూసిన రకపు హెడ్‌ఫోను బరువు 385 గ్రాములు. అంత బరువును, ఎంత సొగసైనదైనా, మూడు గంటలు తలపై మోయవలెను గదా. మెత్త లోపలి స్పంజి అణగిపోతే చెవి కొన గట్టి జాలీకి తగులుతుంది, ఆ నొప్పి తలనొప్పిగా మారుతుంది. ఇంకొకటి మనస్సు శ్రమ. మా ముసలమ్మల దక్కనీలో 'ఖాఫ్' అక్షరాన్ని గొంతు లోపలి నుండి పలుకరు, 'ఖే' గానే పలుకుతారు. సమాధి అనే అర్థంగల మాట, వార్త అనే అర్థంగల మాట వారి నోట ఒకటే అయిపోతవి. ఏది అన్నదో పాట భావాన్ని బట్టి ఊహించవలసినదే గాని, ఎంత ఖరీదైన హెడ్‌ఫోనూ చెప్పలేదు. అటువంటి చోట వెనుకకు త్రిప్పి త్రిప్పి వినే శ్రమకు మెత్త మార్చుట మందు కాదు, లేచి టీ త్రాగి వచ్చుటయే మందు.

మెత్తలు ఎందుకు పాడైనవి? మాకు వచ్చినవి తోలు కావు, బట్టపై పాలియురేథేన్ పూత పూసి తోలువలె చేసినవి. వేడి, చెమట, గాలిలోని తేమ కలిసి ఆ పూతను క్రమంగా విచ్ఛిన్నం చేస్తవి. మన వేసవి ఎండలు, తరువాత వచ్చే ముసురు దానికి సరిపోయిన శత్రువులు. వాడకుండ బీరువాలో పెట్టినా ఈ పూత కాలక్రమంలో రాలక తప్పదు. చాచా చూసిన కాటుక అదే.

ఇక్కడ మా పొరపాటు ఒకటి చెప్పుకొనవలెను. మొదట మేము చవకగా దొరికినవి, చూపుకు లావుగా, ముద్దుగా ఉన్న మెత్తలను తెప్పించినాము. కూర్చొన్న మొదటి పది నిమిషాలలో అందరూ బ్రహ్మాండం అన్నారు. మరునాటికి వ్రాతప్రతులలో తప్పులు పెరిగినవి. మెత్త లావైతే ధ్వనిపొర చెవికి దూరమవుతుంది, గాలిగది పెద్దదవుతుంది, ధ్వని స్వరూపమే మారుతుంది. గొంతులు బావిలోనుండి పలికినట్లు వచ్చినవి. 'స'కారానికి, 'శ'కారానికి తేడా తారధ్వనుల ప్రాంతంలోనే ఉంటుంది. అక్కడ ధ్వని మొద్దుబారేసరికి ఉర్దూ వ్రాసేవారు 'సీన్', 'షీన్' అక్షరాల మధ్య, తెలుగు వ్రాసేవారు 'స', 'శ'ల మధ్య తడుముకున్నారు. అలసట తగ్గినది, నిజమే. వినవలసినది కూడ తగ్గినది! ఆ మెత్తలను తీసివేసినాము.

అటు తరువాత తెలిసి ఎంచుకున్నాము. తోలు మెత్త గాలిని బాగా ఆపుతుంది, మంద్రాన్ని నిలుపుతుంది, బయటి రొదను అడ్డుతుంది, కాని చెమట పట్టిస్తుంది. మేలైన గొర్రెతోలు కృత్రిమమైన దానికంటె మృదువుగా ఉండి ఎక్కువ కాలం మన్నుతుంది, ధర మాత్రం గట్టిది. వెల్వెట్ వంటి వెలూర్ బట్టతో చేసినది చల్లగా ఉంటుంది, కాని దానిలోనుండి గాలి పోతుంది గనుక మంద్రం తగ్గుతుంది, రొద లోనికి వస్తుంది. జర్మనీవారి బేయర్‌డైనమిక్ డిటి 770 వంటి వాటిలో కొన్ని రకాలు వెలూర్ మెత్తలతోనే వస్తవి. వాటిని చేసినవారు ఆ మెత్తను లెక్కలో పెట్టుకొనియే ధ్వనిని అమర్చినారు. దానికి తోలు తొడిగితే సాధారణంగా మంద్రం బరువెక్కుతుంది. అందుచేత 'మేలైన మెత్త' అని విడిగా ఒకటి లేదు, ఫలానా హెడ్‌ఫోనుకు తగిన మెత్త అని మాత్రమే ఉన్నది. లోపలిగోడకు చిన్న రంధ్రాలున్న తోలు మెత్తలు చిప్పలో ప్రతిధ్వనించే తారధ్వనిని కొంత పీల్చుకుంటవి. చెవి తీక్ష్ణతకు జంకేవారికి అవి అనుకూలం. స్పంజిలో మెల్లగా అణగి మెల్లగా లేచే రకం, ఒంటివేడికి మెత్తబడి దవడ ఎముక ఒంపులను పూరిస్తుంది. కళ్ళద్దాల వారికి ఇదే ఉత్తమం, అద్దాల కాడ దూరే చోటనే సందు ఏర్పడుతుంది గనుక.

మేము చివరకు తీసుకున్నవి బయటి అంచు, లోపలిగోడ గొర్రెతోలు, చర్మానికి తగిలే ముఖం మెత్తని బట్ట, లావు మొదటి మెత్తలకు సమానం. ముందుగా ఒకే హెడ్‌ఫోనుకు ఎడమవైపు పాతది, కుడివైపు కొత్తది తొడిగి ఒకే పాటను విన్నాము. ముసలమ్మ గొంతు మధ్యనుండి ప్రక్కకు జరిగిపోయినది. చెవులతో చూడగలిగిన రుజువు అది. తరువాత వాల్యూము బిళ్ళపై పెన్సిలుతో గీత పెట్టి, వారం రోజులు ఎవరెంత పెంచుతున్నారో చాచాయే గుర్తించినాడు. పాత మెత్తలతో గీత దాటినవారు కొత్తవాటితో దానికి బాగా ఇవతలనే ఆగినారు. ఇది శాస్త్రీయ పరిశోధన కాదు, ఏ మెత్త తొడిగామో చర్మానికి తెలుస్తూనే ఉంటుంది. అయినా రెండవ గంటలో వ్రాసిన పుటలు మొదటి గంట పుటలవలెనే శుభ్రంగా ఉండుట మాకు చాలినది.

మా కళాశాలకు ప్రత్యేకమైన విషయం ఒకటి మిగిలినది. మా విద్యార్థినులలో అనేకులు హిజాబు ధరిస్తారు, హెడ్‌ఫోను దానిమీదనే పెట్టుకుంటారు. పలుచని బట్ట ఒక్క పొర అయితే ధ్వనికి పెద్దగా అడ్డం రాదు. కాని మడతలు పడినచోట మెత్త క్రింద సందులు ఏర్పడి, పైన చెప్పిన కథయంతా మళ్ళీ మొదలవుతుంది. పిన్నులు మెత్త క్రిందికి వస్తే నొప్పి వేరు. ఈ విషయాన్ని చెల్లెళ్ళే పరీక్షించి, లోపల పలుచని నూలు టోపీ, దానిపై మడత లేకుండ ఒకే పొర, పిన్ను చెవి వెనుకకు – ఇట్లా సర్దుకుంటే అదిమి చూసే పరీక్షలో తేడా కనబడలేదని చెప్పినారు. ఇట్టి సంగతి ఏ హెడ్‌ఫోను పెట్టెలోని కాగితంలోను వ్రాసి ఉండదు.

ఆరు జతల మెత్తలకు కలిపి అయిన సొమ్ము ఒక్క కొత్త హెడ్‌ఫోను ఖరీదుకు తక్కువే. ప్రతి చిప్ప లోపల మెత్త మార్చిన నెలను పెన్సిలుతో వ్రాసి పెట్టినాము. పని ముగియగానే పొడిబట్టతో తుడిచి, ఎండ తగలని చోట తగిలిస్తున్నాము. ఏడాదికి రెండు జతల మెత్తలకు ప్రయోగశాల పద్దులో చోటు కల్పించవలెనని కమిటీ పెద్దలను వినయపూర్వకంగా కోరుతున్నాము. ఒక్కొక్కరు ఒక విడతలో నలుబది నిమిషాలకు మించి వినరాదని, రెండు విడతల మధ్య పది నిమిషాలు చెవులకు విశ్రాంతి ఉండవలెనని మేమే నియమం పెట్టుకున్నాము.

ఈల మోగుతున్నదన్న విద్యార్థినిని చెవి వైద్యునికి చూపించినాము. కొన్ని నెలలు హెడ్‌ఫోను ముట్టవద్దని ఆయన చెప్పినారు. ఈల తగ్గినది, పూర్తిగా పోలేదు. ఇప్పుడామె ఇతరులు వ్రాసిన ప్రతులను చదివి సరిచూస్తున్నది. 'సీన్', 'షీన్' తప్పులను మా అందరికంటె ఎక్కువగా పట్టుతున్నది కూడ ఆమెయే.