తెర మీది దెయ్యాలు - మన ఇంటి పిల్లలు

గత శీతాకాలంలో ఒకనాటి ఫజ్ర్ వేళ. మదరసా పిల్లలందరూ వుజూ చేసుకుని నమాజు వరుసల్లో నిలబడ్డారు. పదేళ్ళ బాలుడొకడు మాత్రం పక్క మీదే కూర్చుని ఉన్నాడు. మెలకువగానే ఉన్నాడు, కానీ వుజూ తొట్టి దాకా వెళ్ళడానికి అతనికి అడుగు పడడం లేదు. సోమరితనమనుకుని గద్దించాము. అప్పుడు ఏడుస్తూ అసలు సంగతి చెప్పాడు. సెలవుల్లో మేనమామ ఇంట్లో పెద్ద పిల్లలతో కలిసి 'మసూద' సినిమా చూశాడట. అప్పటి నుంచి చీకట్లో నల్ల బురఖా ధరించిన ఎవరో తొట్టి వెనుక నిలబడి ఉన్నట్లే అనిపిస్తోందట.

అంతటితో ఊరుకోలేదు. “హజ్రత్, మీరు సమాధి శిక్ష గురించి చెప్పిన రోజు కూడా నాకు నిద్ర పట్టలేదు. రెండూ ఒకటేనా?” అని అడిగాడు.

ముప్ఫై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాము. ఆ ప్రశ్నకు మాత్రం ఆ ఉదయం మా దగ్గర జవాబు సిద్ధంగా లేదు. ఈ నాలుగు మాటలూ ఆ జవాబును వెదికే ప్రయత్నమే.

ముందే ఒక మాట మనవి చేస్తాము. ఇది ఫత్వా కాదు. సినిమాల విషయంలో ధర్మపండితులు ఏమంటారో పాఠకులకు తెలియనిది కాదు. కానీ తెర ఇంట్లోకి వచ్చేసిందన్నది కూడా వాస్తవమే. పిల్లలు ఏమి చూస్తున్నారో తెలుసుకోకుండా ఖండిస్తే ఆ ఖండన వారి చెవికెక్కదు. అందుకే ఈ ఏడాది మా ఇంటివారితో కలిసి కూర్చుని, కొన్నింటిని మేమూ చూశాము.

భయం గొలిపే కథలు తెలుగువారికి కొత్త కావు. మా యౌవనంలో యండమూరి 'తులసిదళం' నవల చదివి, రాత్రి దీపం ఆర్పడానికి జంకినవారు ఎందరో ఉన్నారు. 1990ల చివరలో ఈటీవీలో 'అన్వేషిత' ధారావాహిక వచ్చే రోజున ఇరుగుపొరుగువారంతా ఒకే ఇంట చేరేవారు. అయితే అప్పుడు వారానికి ఒక్క భాగమే. పక్కన పెద్దలుండేవారు, గదిలో దీపం వెలుగుతూ ఉండేది. నేడు ఆ కథ దుప్పటి కింద, చెవిలో మోగుతూ, ఒంటరి పిల్లవాడి చేతిలో రాత్రంతా నడుస్తోంది.

ఉత్కంఠ వేరు, భీతి వేరు. ఉత్కంఠ అంటే తరువాత ఏమవుతుందోనన్న ఆరాటం. అది దానంతట అది దోషం కాదు. దివ్యఖుర్ఆన్ ఉత్తమ గాథగా పేర్కొన్న హజ్రత్ యూసుఫ్ (అలై) వృత్తాంతాన్నే చూడండి. ఆరంభంలో ఒక కల. ఆ తరువాత బావి, బానిసత్వం, అపనింద, కారాగారం. ఆ కల ఎలా నిజమవుతుందోనని శ్రోత చివరి వరకూ ఎదురుచూస్తాడు. కానీ ఆ ఎదురుచూపు అతనికి సహనాన్నీ క్షమనూ నేర్పి ముగుస్తుంది.

కనుక ఉత్కంఠ మనసును ఎటు నడిపిస్తోందన్నదే ప్రశ్న. 2014లో వెంకటేశ్ నటించగా తెలుగులో వచ్చిన 'దృశ్యం' అనేక ఇళ్ళల్లో కుటుంబమంతా కూర్చుని చూసిన చిత్రం. అందులో నెత్తురు తక్కువ, తెలివి ఎక్కువ. కూతురి మానాన్ని కాపాడుకోవాలన్న తండ్రి తపన మమ్మల్నీ కదిలించింది. అయితే సినిమా ముగిసేసరికి, ఒక మరణాన్ని దాచిన అబద్ధం బయటపడకూడదని మనమందరమూ కోరుకుంటూ కూర్చున్నాము. మరణించినవాడు అపరాధే. అయినా కొడుకు ఏమయ్యాడో తెలియక తల్లడిల్లే తల్లికి హక్కేమీ లేదా? ఆ రాత్రి మా ఇంట్లో ఈ ప్రశ్న మీద గంటసేపు చర్చ జరిగింది. ఆ చర్చ జరిగే ఇంట్లో సినిమా వల్ల కలిగే హాని తగ్గుతుంది. చూసి మౌనంగా నిద్రపోయే ఇంట్లో అబద్ధం నెగ్గినట్లే.

ఇక దెయ్యాల చిత్రాలు. 2009 నాటి 'అరుంధతి' మొదలు, 2011లో వచ్చిన 'కాంచన' మొదలు, అధిక భాగం కథల మూలసూత్రం ఒక్కటే: చనిపోయినవారి ఆత్మ పగతో తిరిగి వచ్చి, బదులు తీర్చుకునే దాకా శాంతించదు. ఇస్లాంకు పూర్వం అరబ్బులకూ సరిగ్గా ఇలాంటి నమ్మకమే ఉండేది. హత్యకు గురైనవాని తల నుంచి 'హామా' అనే పక్షి వెలువడి, ప్రతీకారం తీరేవరకూ అరుస్తూ తిరుగుతుందని వారు భావించేవారు. హామా అనేది లేదని దైవప్రవక్త (స) స్పష్టంగా ప్రకటించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. ఆ ఒక్క ప్రకటనతో తరతరాల పగలకు ఊతమిచ్చిన మూఢనమ్మకం కూలింది. పధ్నాలుగు శతాబ్దాల క్రితం కూలిన ఆ పక్షిని మనం డబ్బు చెల్లించి మళ్ళీ ఇంటికి పిలుచుకుంటున్నాము.

“మరి జిన్నాతులు ఉన్నాయి కదా?” అని పిల్లలు అడుగుతారు. ఉన్నాయి. అవి అగ్నితో సృజించబడిన జీవులు. మనలాగే దైవాజ్ఞకు బద్ధులు. వాటిలో విశ్వాసులూ ఉన్నారు, తిరస్కారులూ ఉన్నారు. అయితే జిన్ను అనేది చనిపోయిన మనిషి ఆత్మ కాదు. మరణించినవారు బర్‌జఖ్‌లో ఉంటారు. పగ తీర్చుకోవడానికి వారు మన వంటింటికి రారు. ఈ భేదాన్ని ఇంట్లో వివరించకపోతే, ఆ ఖాళీని సినిమా నింపుతుంది.

సినిమా నింపితే ఏమవుతుందో మేము కళ్ళారా చూశాము. ఒక తల్లి తన కూతురిని మా దగ్గరకు తీసుకువచ్చింది. ఆ అమ్మాయి ఉన్నట్టుండి బిగుసుకుపోయి పడిపోతోంది. తెర మీద చూసిన దృశ్యంతో పోల్చుకుని బంధువులు “గాలి సోకింది” అని తేల్చేశారు. ఒక బాబా దగ్గర నాలుగు నెలలు, వేల రూపాయలు ఖర్చయ్యాయి. మేము దుఆ చేసి, ఆసుపత్రికి వెళ్ళమని చెప్పాము. అది మూర్ఛవ్యాధి అని వైద్యులు గుర్తించారు. మందులతో ఇప్పుడు ఆ అమ్మాయి కళాశాలకు వెళుతోంది. మూర్ఛతో బాధపడే ఒక మహిళ దైవప్రవక్త (స) వద్దకు వచ్చిన వృత్తాంతం బుఖారీలో ఉంది. ఆయన ఆమెతో ఎంతో గౌరవంగా మాట్లాడారు, ఆమె కోరిన మేరకు దుఆ చేశారు. వైద్యం చేయించుకోమని తన అనుచరులకు బోధించినదీ ఆయనే. 2005 నాటి 'చంద్రముఖి'లో, దెయ్యమని అందరూ భయపడిన దానిని మనోవ్యాధిగా గుర్తించినవాడు ఒక వైద్యుడే. ఆ చిత్రంలో లోపాలెన్ని ఉన్నా, ఆ మాట మాత్రం చెప్పిందని ఒప్పుకోవాలి.

'మసూద' విషయంలో మా బాధ మరొకటి. అందులో దెయ్యానికి ఉన్నది ముస్లిం స్త్రీ పేరు. ఆమె వస్త్రం మన ఇళ్ళలోని స్త్రీలు ధరించే వస్త్రం. ఇతర సోదరులు దానిని చూసి ఏమనుకుంటారన్నది ఒక ప్రశ్న. అంతకంటే పెద్ద ప్రశ్న మా మదరసాలోనే ఎదురైంది. ఆ బాలుని తల్లి కూడా బురఖా ధరించే స్త్రీయే. అమ్మ గుర్తు కావలసిన వస్త్రం ఆ పసివాడికి భయచిహ్నమైంది.

ఇప్పుడు అతని ప్రశ్నకు వద్దాము. రెండు భయాలూ ఒకటేనా? కాదు. తెర మీది భయం మనిషిని ఒంటరిని చేస్తుంది, కాళ్ళు కట్టేస్తుంది. దైవభీతి మనిషిని పాపం నుంచి వెనక్కి లాగి, అల్లాహ్ కారుణ్యం వైపే పరుగెత్తిస్తుంది. సృష్టిలో దేనికి భయపడినా దాని నుంచి దూరంగా పారిపోతాము. అల్లాహ్‌కు భయపడినవాడు మాత్రం అల్లాహ్ దగ్గరకే చేరతాడు. అందుకే భయంతోపాటు ఆశ కూడా ఉండాలని మన పెద్దలు బోధించారు. మేము ఆ పిల్లలకు శిక్షను గురించి చెప్పాము. కారుణ్యాన్ని గురించి అంతే వివరంగా చెప్పలేదు. తప్పు ఒక్క సినిమాదే కాదు, మాది కూడా.

తల్లిదండ్రులకు కొన్ని మనవులు. ఓటీటీ వేదికల్లో ప్రతి చిత్రానికీ వయోపరిమితి గుర్తు ఉంటుంది. 2021 నాటి ఐటీ నియమాల ప్రకారం, పదమూడేళ్ళు, ఆ పైబడినవారికి ఉద్దేశించిన చిత్రాలకు తల్లిదండ్రులు తాళం వేసుకునే సదుపాయం కల్పించాలి. ఆ తాళాన్ని వాడండి. పడకగదిలో పిల్లల చేతికి ఫోను ఇవ్వకండి. చూసి భయపడిన పిల్లవాడిని ఎగతాళి చేయకండి. వినోదం కోసం వారిని చీకట్లో బెదిరించకండి. నిద్రిస్తున్న ఒక సహచరుని తాడును కొందరు తీయగా అతను ఉలిక్కిపడినప్పుడు, తోటి ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఇది అబూదావూద్ ఉల్లేఖనం. పడుకునే ముందు ఇఖ్లాస్, ఫలఖ్, నాస్ సూరాలు పఠించి, అరచేతుల్లోకి ఊది ఒళ్ళంతా తడుముకోవడం ఆయన సంప్రదాయం. దానిని పిల్లలకు చెప్పి వదిలేయకుండా, వారి పక్కన కూర్చుని చేయించండి.

ఆ రాత్రి ఇషా తరువాత పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని హజ్రత్ అబూహురైరా (రజి) వృత్తాంతం చెప్పాము. రమజాన్ జకాతు ధాన్యానికి ఆయన కాపలా ఉన్నారు. చీకట్లో ఎవరో వచ్చి ధాన్యం తోడుకుంటున్నాడు. పట్టుకున్నారు, బతిమాలితే వదిలేశారు. రెండో రాత్రీ వచ్చాడు. మూడో రాత్రీ వచ్చాడు. ఆ దొంగ ఎవరు? పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. ఈసారి తనను వదిలితే పడక వేళ ఆయతుల్ కుర్సీ పఠించమని నేర్పుతానన్నాడు. పఠిస్తే తెల్లవారే దాకా షైతాను దరి చేరడన్నాడు. అతను అబద్ధాలకోరే అయినా ఈ మాట నిజమే చెప్పాడని, వచ్చినవాడు షైతానేనని దైవప్రవక్త (స) మరునాడు తెలియజేశారు.

కథలో చీకటి ఉంది, దొంగ ఉన్నాడు, షైతాను కూడా ఉన్నాడు. కానీ విన్నవాడి చేతికి చివర ఒక దీపం దొరికింది.

మరునాడు ఫజ్ర్‌కు ఆ బాలుడు లేచాడు. తొట్టి దాకా ఒంటరిగా వెళ్ళలేదు. మా చేయి పట్టుకునే వచ్చాడు. మేమూ ఆ చేయి వదలలేదు. తొట్టి మీద రాత్రంతా వెలిగేలా ఒక దీపం పెట్టించాము. అది ఇప్పటికీ వెలుగుతూనే ఉంది.