నుమాయిష్ - పరభాషాపదము, మన ముచ్చట

జనవరి మాసము వచ్చునప్పటికి హైదరాబాదు గృహములలో నొక మాట మెదలును: నుమాయిష్. నాంపల్లిలో జరుగు వస్తుప్రదర్శనమునకు 1949 నుండి అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన మను పేరున్నను, "అమ్మా, నుమాయిషు కెప్పుడు పోదము?" అనియే పిల్లలు కొంగు పట్టుకొందురు.

1938లో దీనిని ప్రారంభించినవారు ఉస్మానియా పట్టభద్రులు. ఆ విశ్వవిద్యాలయమున నాడు బోధనభాష ఉర్దూ. తెలుగుబిడ్డలు మాతృభాషను విడిచి చదువవలసివచ్చెను. ఆ బాధ మరువరానిది. అయినను ఈ మాటపై మనకు కినుక లేదేల? ఇది బెత్తము చూపి నేర్పిన మాట కాదు. గాజులతో, మిఠాయిలతో, రంగులరాట్నముతో గూడి చెవినబడిన మాట. పైగా మన చుట్టమే. "చూపుట" అను నర్థముగల పారసీక ధాతువునుండి పుట్టినది. రవిక కుట్టించుకొనునపుడు మనము చూపు "నమూనా" దీని తోబుట్టువు.

చెంతనున్న ఆబిడ్స్ పేరును ఇట్టిదే. ఆరవ నిజాము కొలువున నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అచట అంగడి పెట్టెను. పేరు చివరి "స్" ఆంగ్లమున షష్ఠీవిభక్తి. అంగడి పోయినది, "ఆబిద్ యొక్క" అనుమాట మాత్రము నిలిచినది!

సోదరీమణులారా! విధించిన భాషను జనులు భరింతురు. వలచిన మాటను దాచుకొందురు. పరభాషాపదమును ప్రేమించుట తల్లిభాషకు ద్రోహము కాదు. బిడ్డలకు ముందు తెలుగు అక్షరములు దిద్దించి, పిదప చేయిపట్టుకొని నుమాయిషుకు తీసికొనిపోవుదము.