మీ ఇంటి కంప్యూటరుకు ముందుగా ఏం కొనాలి?

బాలలారా! మీ ఇంట్లో బల్ల మీద ఒక పాత కంప్యూటరు ఉందనుకోండి. పెద్దలు కొంత డబ్బిచ్చి, “దీనికి పనికొచ్చేది కొనుక్కో” అన్నారు. మీరేం కొంటారు? రంగుల దీపాలు వెలిగే కీబోర్డా? పెద్ద స్పీకర్లా? ఆగండి. అన్నిటికంటే ముందు కావలసిన వస్తువు మీ ఇంటి గోడలోనే ఉంది!

మూడో పిన్ను

తడి బండల మీద వట్టి కాళ్లతో నిలబడి కంప్యూటరు ఇనుప డబ్బాను తాకితే చెయ్యి జివ్వుమనడం మీలో కొందరికి అనుభవమే. ఎందుకలా?

డబ్బాలోకి కరెంటు వచ్చేచోట, అందులోని అలజడిని వడపోసే రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజు తీగను, రెండవది న్యూట్రల్ తీగను డబ్బాతో కలుపుతాయి. ఎర్త్ లేకపోతే డబ్బా ఈ రెండింటి నడుమ నిలిచిపోతుంది. అంటే 230 వోల్టులలో సుమారు సగం, 115 వోల్టులు! ప్రవాహం అతి స్వల్పం కనుక జివ్వుమని ఊరుకుంటుంది. కాని లోపల ఫేజు తీగ ఊడి డబ్బాకు తగిలిందా, ప్రాణానికే ముప్పు.

ఎర్త్ ఉంటే ఆ విద్యుత్తు నేలలోకి పోతుంది. ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా రెండింటికన్నా పొడవుగా ఉండటం గమనించారా? అన్నిటికన్నా ముందు కలిసి, అన్నిటికన్నా చివర విడిపోవడానికే ఆ ఏర్పాటు. దాన్ని విరిచి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టడం తగదు.

ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు వేసేది తేమ నిలవడానికి. కరీంనగర్, ఆదిలాబాద్ ఎండలకు ఆ తేమ ఆరిపోతుంది. వేసవిలో గుంతలో నీళ్లు పోయాలి. పరీక్ష మాత్రం ఎలక్ట్రీషియనే చేయాలి, మీరు కాదు.

కొద్ది నిమిషాల ఆసరా

1983 నుంచి రామగుండంలో ఎన్.టి.పి.సి. విద్యుత్తు పుడుతోంది. అయినా గాలిదుమారం వస్తే ఆ పక్క ఊళ్లలోనూ కరెంటు పోవచ్చు. ఒకసారి నేను రెండు గంటలు కూర్చొని టైపు చేసిన ప్రశ్నపత్రం అలాగే మాయమైంది. సేవ్ చేయకపోవడం నా తప్పే!

అందుకే రెండవ స్థానం యు.పి.ఎస్.ది. చిన్న యు.పి.ఎస్.లో సాధారణంగా 12 వోల్టులు, 7 ఆంపియర్-గంటల బ్యాటరీ ఉంటుంది. 12×7=84 వాట్-గంటలు. 100 వాట్ల కంప్యూటరుకు లెక్క ప్రకారం 50 నిమిషాలు రావాలి. కాని వేగంగా ఖాళీ చేస్తే బ్యాటరీ పూర్తి శక్తినివ్వదు. కొంత శక్తి వేడిగానూ పోతుంది. కనుక అందులో సగం దక్కడమే కష్టం. పని సేవ్ చేసి, కంప్యూటరును సక్రమంగా ఆపడానికి అది చాలు. ఆటలాడటానికి కాదు! పాడైన బ్యాటరీని చెత్తలో వేయక దుకాణదారుకే ఇవ్వండి. అందులోని సీసం విషం.

తిరిగే పళ్లెం, తిరగని పలక

ఇక వేగం సంగతి. పాత హార్డ్ డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 7200 సార్లు, అంటే సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు 8.3 మిల్లీ సెకన్లు. కావలసిన సమాచారం ముల్లు కిందికి రావడానికి సగటున అందులో సగం సేపు ఆగాలి. ఎస్.ఎస్.డి.లో తిరిగేదేమీ లేదు. అంతా చిప్పులే. అందుకే మిల్లీ సెకనులో చిన్న భాగంలోనే జవాబు వస్తుంది. పాత కంప్యూటరును చురుకుగా చేయడంలో దీనికి సాటి లేదు.

ర్యామ్ మీ బల్ల లాంటిది, డిస్క్ అలమర లాంటిది. బల్ల చిన్నదైతే మాటిమాటికి అలమర దగ్గరకు పోవాలి. 4 జి.బి. ఉంటే 8 చేయించండి. మీ కంప్యూటరుకు ఏ రకం సరిపోతుందో ముందు తెలుసుకోండి.

ఖర్చు లేని మేలు

వేసవిలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులూ ఉంటాయి. ఫ్యాన్ రెక్కలపై దుమ్ము పేరుకుంటే వేడి బయటికి పోదు. వేడెక్కిన ప్రాసెసరు తననుతాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ప్లగ్గు తీసి, పెద్దల ఎదుట, మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. డబ్బాను గోడకు జానెడు దూరం జరపండి.

చూశారా! ముందు ఎర్త్, తరువాత యు.పి.ఎస్., ఆ పైన ఎస్.ఎస్.డి., ర్యామ్. డబ్బు మిగిలితే రంగుల కీబోర్డు!

మీకొక లెక్క: నిమిషానికి 5400 సార్లు తిరిగే డిస్క్‌లో సగటున ఎంతసేపు ఆగాలి? కట్టి చూడండి.