రెండు రోజులు నిలవని వరదకు లెక్క ఏది?

మోరంచపల్లి చెల్పూర్‌కు దగ్గర్లోనే ఉంటుంది. 2023 జులై 27 తెల్లవారుజామున మోరంచవాగు ఆ ఊరిని ముంచేసింది. జనం డాబాలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. పడవలు, హెలికాప్టర్లు వస్తే తప్ప బయటపడలేదు. నలుగురిని వాగు తీసుకుపోయింది. అంతకు ముందు 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 64.98 సెంటీమీటర్ల వాన పడింది, అది రాష్ట్రంలోనే రికార్డు.

విపత్తు సహాయ నిధికి కేంద్రం 2022-26 కాలానికి పెట్టిన నిబంధనలు చూడండి. ఇల్లు కొట్టుకుపోయినా, పూర్తిగా కూలినా, రెండు రోజులకు మించి నీళ్లలో మునిగినా ఆ కుటుంబానికి బట్టలకు 2,500, వంటసామానుకు 2,500 రూపాయలు. ఈ రెండు రోజుల కొలత కోనసీమ లంకలకు సరిపోతుంది. అక్కడ సముద్రం పోటు రోజుకు రెండుసార్లు గోదావరికి ఎదురొస్తుంది, వరద త్వరగా దిగదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు లంకలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. అయితే భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర హెచ్చరికలుంటాయి. కింద ఉన్నవాళ్లకు కొంత గడువు దొరుకుతుంది.

వాగు అట్లా కాదు. రాత్రి పడుకున్న మనిషి లేచేసరికి మంచం కింద నీళ్లు. గంటల్లో వస్తుంది, గంటల్లో పోతుంది. బియ్యం, బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రం మాత్రం రెండు చోట్లా ఒకే తీరుగా పోతాయి. గోడ నిలబడి, నీళ్లు ఒక్కరోజులో దిగితే ఆ ఐదు వేలు కూడా ఈ లెక్కలోకి రావు.

ఇంకో మెలిక ఇంటి మీద ఉంది. మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇల్లు పక్కాదైనా కచ్చాదైనా 1,20,000 రూపాయలు. గుడిసె అయితే 8,000. గడ్డి, మట్టి, ప్లాస్టిక్ కవర్లతో వేసుకున్నదాన్ని గుడిసెగా లెక్కగడతారు. మట్టిగోడల ఇంటిని సర్వేకు వచ్చినాయన ఏ గడిలో రాస్తాడో దాన్నిబట్టి 1,12,000 తేడా వస్తుంది. పైగా ఇల్లు అనుమతి ఉన్న కట్టడమని అధికారి ధ్రువీకరించాలి. పట్టా లేని జాగలో, వాగు ఒడ్డున ఇల్లు వేసుకున్న దళిత కుటుంబం ఆ కాగితం ఎక్కడినుంచి తెస్తుంది?

కాబట్టి వరద తర్వాత ఊళ్లోకి పోయే విద్యార్థులు, కార్యకర్తలు బియ్యం బస్తాలతో పాటు ఒక నోటుబుక్కు కూడా తీసుకుపోవాలి. గోడ మీది నీటి మరక ఆరకముందే తేదీతో ఫోటో తీయాలి. పంచనామాలో ‘గుడిసె’ అని రాశారా, ‘కచ్చా ఇల్లు’ అని రాశారా అన్నది సంతకం పెట్టకముందే చదివించుకోవాలి, నకలు అడగాలి.